ఫ్యాట్‌టెయిల్ గెకో గుడ్లు ఇంట్లో పొదిగించడం: తిరుపతి ఎండల్లో ఎట్లా?

కొర్లగుంట_కుర్రోడు
మార్చి 8, రాత్రి 9.40

అన్నలూ అక్కలూ, రవంత అర్జెంటు. మా ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్ గెకో (లావు తోక పెంపుడు బల్లి) ఆడది ఈ సాయంత్రం తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) పెట్టిన డబ్బాలో రెండు గుడ్లు పెట్టి పూడ్చేసింది. తెల్లగా ఉన్నాయి, పెంకు మెత్తగా ఉంది, ఒక్కోటి మూడు సెంటీమీటర్ల లోపే. ఇంకా బయటికి తీయలేదు. గదిలో 31 డిగ్రీలు చూపిస్తా ఉంది, ఇక పోనుపోను పెరిగేదే గానీ తగ్గేది లేదు. థర్మోకోల్ పెట్టె దొరుకుతుంది. వేడిని ఒకే దగ్గర నిలిపే థర్మోస్టాట్ లేదు. చిత్తూరులో మా మామ దగ్గర నాటుకోడి గుడ్ల ఇంక్యుబేటర్ ఖాళీగా ఉంది, అది తెచ్చుకోవచ్చా? ఇదే మొదటిసారి. ఏది ముందు, ఏది వెనక?

బల్లిగూడు
మార్చి 8, రాత్రి 9.58

తమ్ముడూ, మిషన్ సంగతి రేపు చూద్దాం. ఈ రాత్రికి గుడ్లు ఎండిపోకుండా, దొర్లకుండా చూసుకుంటే చాలు.

ముందు పెన్సిల్ తీసుకో. స్కెచ్ పెన్ను వద్దు, సిరా లోపలికి దిగుతుంది. పైన ఉన్న కోకోపీట్‌ను వేలితో నెమ్మదిగా తప్పించి, గుడ్డు ఉన్నచోటే ఉండగా దాని నెత్తిన చిన్న గీత పెట్టు. ఆ గీత పిల్ల బయటికి వచ్చేదాకా పైకే ఉండాలి. పెట్టిన మొదటి రోజులోనే పిండం పైభాగాన పెంకుకు అంటుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పితే పచ్చసొన బరువు పిండం మీద పడి చచ్చిపోతుంది. కోడిగుడ్డుకు తిప్పకపోతే నష్టం, బల్లిగుడ్డుకు తిప్పితే నష్టం. రెండు గుడ్లూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటే విడదీయొద్దు, జంటగానే ఎత్తు.

లీటరు పట్టే మూతగట్టి ప్లాస్టిక్ డబ్బా చూసుకో. కర్రీ పాయింట్లో పెద్ద పార్సిల్‌కు ఇచ్చేదైనా పర్వాలేదు, సబ్బు వాసన పోయేదాకా కడగాలి. పెర్లైట్ (కుండీల మట్టిలో కలిపే తెల్లటి తేలిక గుళికలు) ఈ రాత్రికి దొరకదు కాబట్టి అదే కోకోపీట్‌లో ఇంకొంత కలిపి సగానికి నింపు. పిడికిట్లో గట్టిగా పిండితే నీటిచుక్క రాకూడదు, చేతికి మాత్రం చెమ్మ తగలాలి. బొటనవేలితో గుంట చేసి గుడ్డును సగం లోపలికి, సగం బయటికి కూర్చోబెట్టు. రెండింటి మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం. మూత పెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేలకు దగ్గరగా, చీకట్లో పెట్టు. ఫ్రిజ్ పక్కన వద్దు, దాని వెనక వేడి వస్తుంది. 27 నుంచి 31 మధ్య ఒకట్రెండు రోజులు ఉంటే గుడ్డుకేమీ కాదు.

పలమనేరు_పద్మ
మార్చి 8, రాత్రి 10.15

కోడిగుడ్ల మిషన్ తేవద్దు నాయనా. ఆ పెట్టెలో రెండు ప్రాణాంతకాలు ఉన్నాయి. ఒకటి, అది 37.5 డిగ్రీలకు పెట్టి ఉంటుంది. ఫ్యాట్‌టెయిల్ గుడ్డు 34 దాటి కొన్ని గంటలుంటేనే కష్టం. రెండు, ట్రే తిప్పే మోటారు. బల్లిగూడు అన్న చెప్పిన పని మొత్తం ఆ మోటారు ఒక్క రాత్రిలో పాడుచేస్తుంది.

మోటారు తీసేసి ఉష్ణోగ్రత 29కి దించుకోవచ్చు కదా అని అడుగుతారు. దించవచ్చు. కానీ అది వేడి పెట్టగలదే గానీ చల్లబరచలేదు. ఏప్రిల్లో మీ గదే 35 ఉంటే దాని లోపల కూడా 35 ఉంటుంది. పైగా అందులో ఫ్యాను గాలి గుడ్ల మీదికే కొడుతుంది. కోడిగుడ్డు పెంకు గట్టిది కాబట్టి తట్టుకుంటుంది, మెత్తటి పెంకు ఆ గాలికి ముడుచుకుపోతుంది.

మీ మామ దగ్గర స్పేర్ థర్మోస్టాట్ ఉంటే అది మాత్రం అడిగి తెచ్చుకో.

థర్మోస్టాట్_శీను
మార్చి 9, ఉదయం 7.30

పద్మక్క చెప్పిందే అసలు పాయింటు. యూట్యూబ్‌లో ఉన్న వీడియోలన్నీ చలిదేశాల వాళ్లవి, హీట్ మ్యాట్ వేసి థర్మోస్టాట్ పెట్టుకోమంటారు. మన తిరుపతిలో మార్చి నుంచి జూన్ దాకా కావాల్సింది చల్లదనం. హీటరు అవసరం డిసెంబరు, జనవరి రాత్రుల్లో, లేదంటే ఏసీ గదిలో పెట్టుకున్నప్పుడు.

నీకున్న దారులు మూడు.

ఏసీ గది రోజంతా నడిచే ఇల్లయితే అన్నిటికంటే తేలిక. ఏసీ 26, పెట్టె లోపల చిన్న హీటరు, థర్మోస్టాట్ 28.5. గది చల్లన, పెట్టె లోపల రెండున్నర డిగ్రీలు ఎక్కువ, అంతే. ఏసీ రాత్రి మాత్రమే వేసేవాళ్లకు ఇది పనికిరాదు. పగలు మళ్లీ 35కి ఎక్కి కూర్చుంటుంది.

రెండోది పెల్టియర్, అంటే కరెంటు పెడితే ఒక వైపు చల్లబడి ఇంకో వైపు వేడెక్కే ప్లేటు. టీఈసీ1-12706 అనే ప్లేటు, రెండు పక్కలా అల్యూమినియం హీట్‌సింక్ (వేడిని లాగే రెక్కల దిమ్మ), రెండు ఫ్యాన్లు కలిపి కిట్‌గా అమ్ముతారు. 12 వోల్టులు, 6 ఆంపియర్లకు పైన ఇచ్చే అడాప్టరు ఉండాలి. కొన్ని కొట్లలో ఫోన్ ఛార్జరంత 2 ఆంపియర్లది అంటగడతారు, దానితో ప్లేటు చల్లబడదు. థర్మోకోల్ పెట్టె పక్కగోడకు కంత కోసి, చల్లటి వైపు లోపలికి, వేడి వైపు బయటికి. బయటి వైపు గోడకు ఆనించకుండా అరడుగు ఖాళీ వదలాలి, లేకపోతే వేడి బయటికి పోక తిరిగి లోపలికే వచ్చి పెట్టెనే వేడెక్కిస్తుంది. గది 36 ఉన్నా ఒకటిన్నర అంగుళాల మందం పెట్టెను 28 దగ్గర నిలబెడుతుంది. చల్లటి హీట్‌సింక్‌కు నీళ్లు పట్టి కారతాయి, దాని కింద చిన్న గిన్నె పెట్టు, గుడ్ల డబ్బా దూరంగా జరుపు.

మూడోది ఐసు సీసాలు. అరలీటరు సీసాలు గడ్డకట్టించి, పాత టవల్‌లో చుట్టి, పెట్టె మూలన ఒకటి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి మార్చాలి. రెండు నెలల పాటు మనిషి ఇంట్లో ఉండగలిగితేనే ఇది. ఊరెళ్లే పనుంటే వద్దు.

ఏ దారైనా పెట్టెలో లీటరు నీళ్ల సీసాలు నాలుగు అడ్డం పడేసి ఉంచు. కరెంటు పోయినా ఆ నాలుగు లీటర్ల నీళ్లు గంటల తరబడి ఉష్ణోగ్రతను ఎగరనివ్వవు.

థర్మోస్టాట్_శీను
మార్చి 9, ఉదయం 7.52

థర్మోస్టాట్ వేరేగా రాస్తున్నా, ఇక్కడే ఎక్కువ గుడ్లు పోతాయి.

వేడి ఒక్కటే కావాలంటే డబ్ల్యూ1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు చాలు, చవక. అందులో పీ0 అనే సెట్టింగును హెచ్‌లో పెట్టాలి, అంటే హీటింగ్. పీ1 అంటే ఎన్ని డిగ్రీలు తగ్గాక హీటరు మళ్లీ వెలగాలన్నది. అది ఫ్యాక్టరీలో 2 డిగ్రీలుంటుంది, దాన్ని 0.5కి దించు. లేకపోతే పెట్టె 26.5, 28.5 మధ్య ఊగుతానే ఉంటుంది. వేడి, చలి రెండూ కావాలంటే ఎస్‌టీసీ-1000 తీసుకో, అందులో రెండిటికీ వేరువేరు రిలేలు, అంటే స్విచ్చులు ఉన్నాయి. కూలింగ్ డిలే, అంటే చల్లబరచడం ఆగాక మళ్లీ మొదలయ్యే ముందు విరామం, మూడు నిమిషాలు పెట్టు.

ప్రోబ్, అంటే వేడిని కొలిచే తీగ కొస, ఎక్కడ పెడతావన్నది సెట్టింగు కంటే ముఖ్యం. పెట్టె గోడకు వేలాడదీస్తే అది గాలిని కొలుస్తుంది, గుడ్డును కాదు. గుడ్ల డబ్బా లాంటిదే ఇంకో డబ్బాలో అంతే పెర్లైట్, అంతే నీళ్లు పోసి, ప్రోబ్ కొసను గుడ్డు కూర్చునేంత లోతున గుచ్చు. ఆ ఉత్తి డబ్బాను గుడ్ల డబ్బా పక్కనే ఉంచు.

ఈ బోర్డులు ఒకటి రెండు డిగ్రీలు తప్పు చూపించడం మామూలే. మెడికల్ షాపులో దొరికే డిజిటల్ జ్వరం థర్మామీటరు నమ్మకమైనది, కాకపోతే చాలావరకు 32 కింద చూపించదు. గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు, రెండూ అందులో ముంచి, 36 దగ్గర ఎంత తేడా ఉందో చూసి డబ్ల్యూ1209లో పీ4 దగ్గర సరిదిద్దు.

రిలే చెడిపోతే చాలాసార్లు ఆన్‌లోనే అతుక్కుపోతుంది. అందుకే హీటరు చిన్నది పెట్టుకో. 12 వోల్టుల హీట్ ప్యాడ్, 10 వాట్లు. థర్మోస్టాట్ లేకుండా నేరుగా కలిపి ఒక పూటంతా వదిలి చూడు. పెట్టె 33 దాటితే ఆ ప్యాడ్ నీకు ఎక్కువ, ఇంకా తక్కువ వాట్లది తెచ్చుకో. బల్బు వద్దు, గుడ్లను ఎండబెడుతుంది.

ముందు పెట్టెను గుడ్లు లేకుండా ఒక పగలు, ఒక రాత్రి నడిపించి, ఆ తర్వాతే డబ్బా లోపల పెట్టు.

కొర్లగుంట_కుర్రోడు
మార్చి 9, ఉదయం 8.20

గుర్తు పెట్టినాను, డబ్బాలోకి మార్చినాను. గుడ్లు అతుక్కుని లేవు. మా ఇంట్లో అమ్మావాళ్ల గదిలో ఏసీ ఉంది గానీ రోజంతా వేయరు, కాబట్టి పెల్టియర్ దారే. పెర్లైట్ ఎంత, నీళ్లెంత? కొందరు తోటల్లో వాడే వర్మిక్యులైట్ అనే ఖనిజం అంటా ఉన్నారు. 28.5 ఎందుకు, 31 ఎందుకు కాదు?

బల్లిగూడు
మార్చి 9, ఉదయం 9.05

మిద్దెతోట సామాన్లు అమ్మే నర్సరీల్లో రెండూ దొరుకుతాయి. ఎరువు కలిపిన సంచి కొనకు, ఉప్పులు గుడ్డులోని నీళ్లను బయటికి లాగేస్తాయి. అదే కారణంగా బోరు నీళ్లు కూడా వద్దు, మన పక్క బోర్లలో ఉప్పు ఎక్కువ. క్యాను నీళ్లు పొయ్యి.

కొలత బరువు లెక్కన, గ్లాసుల లెక్కన కాదు. లీటరు డబ్బాకు పొడి పెర్లైట్ 50 గ్రాములు, నీళ్లు 45 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా చాలు. వర్మిక్యులైట్ అయితే నీళ్లు దాని బరువుకు సమానం. ముక్కు, నోరు గుడ్డతో కట్టుకుని కలుపు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కలిపాక అరగంట మూతపెట్టి వదిలితే నీళ్లు సమంగా పడతాయి.

మూతకు గుండుసూదితో రెండు కంతలు, అంతకు మించొద్దు. గుడ్లు పెట్టాక మూతతో సహా డబ్బాను తూచి, ఆ బరువును మూత మీద రాయి. వారానికోసారి తూచు. ఐదు గ్రాములు తగ్గితే ఐదు గ్రాముల నీళ్లు, పెట్టె లోపలే ఉంచి వెచ్చబడిన నీళ్లు, డబ్బా అంచు వెంబడి చుక్కలుగా. గుడ్డు మీద ఒక్క చుక్క పడకూడదు. అంచనాతో నీళ్లు చల్లేవాళ్లకే గుడ్లు మునిగి చస్తాయి. మెత్తటి పెంకు గుడ్డు బయటి తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, రెండు నెలలకు మొదట్లో కంటే స్పష్టంగా లావవుతుంది. తేమ ఎక్కువైతే అదే పెంకు ఊపిరాడనివ్వదు.

నా మట్టుకు కొత్తవాళ్లకు పెర్లైటే మంచిది. ఎక్కువ నీళ్లు పోసినా అడుగుకు దిగిపోతుంది, గుడ్డు చుట్టూ బురద కాదు.

పలమనేరు_పద్మ
మార్చి 9, ఉదయం 9.40

ఇక్కడ అన్నతో నాకు కుదరదు. తిరుపతి ఎండాకాలం గాలికి పెర్లైట్ పైపొర త్వరగా ఆరుతుంది, అడుగున తడి ఉన్నా గుడ్డు పక్కన పొడిగా ఉంటుంది. పెల్టియర్ ఫ్యాను తిరిగే పెట్టెలో అయితే మరీను. వర్మిక్యులైట్ తడిని పై నుంచి కింద దాకా సమంగా పట్టుకుంటుంది. కాటా ఉన్నవాడికి నీళ్లు ఎక్కువయ్యే భయం ఎందుకు?

బల్లిగూడు
మార్చి 9, ఉదయం 9.52

ఫ్యాను ఉన్న పెట్టె అన్నావు చూడు, అక్కడ నీ మాట ఒప్పుకుంటా పద్మా. కుర్రోడా, నీ పెట్టెకు వర్మిక్యులైట్ వాడు. 80 గ్రాములు, 80 గ్రాముల నీళ్లు, డబ్బా సగానికి వచ్చేదాకా.

డాక్టరమ్మ_భవాని
మార్చి 9, మధ్యాహ్నం 1.10

ఉష్ణోగ్రత గురించి నేను చెప్తాను. ఈ జాతుల్లో పిల్ల ఆడదా మగదా అన్నది క్రోమోజోములు కాదు, గుడ్డు ఉన్న వేడి తేలుస్తుంది. బాగా పరిశీలించింది లెపర్డ్ గెకో అనే ఇంకో పెంపుడు బల్లిలో. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవి, 32.5 దగ్గర ఎక్కువ మగవి, 34, 35కి పోతే మళ్లీ ఎక్కువ ఆడవి, కానీ ఆ వేడిలో చాలా గుడ్లు బతకవు. ఫ్యాట్‌టెయిల్ కూడా అదే కుటుంబం, అదే పోకడ. 28, 29లో ఆడవి ఎక్కువ, 31, 32లో మగవి ఎక్కువ అనుకోవచ్చు. నూటికి నూరు కాదు. ఇది తేలేది మొదటి మూడు నాలుగు వారాల్లోనే.

మొదటిసారి పొదిగించేవారు ఆడ మగ చూసుకోవద్దు, గుడ్డు బతకడం చూసుకోండి. 28.5 పెడితే పైకి ఐదారు డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. 31.5 పెడితే మధ్యాహ్నం కరెంటు పోయిన రెండు గంటల్లోనే ప్రమాదపు గీతకు చేరతారు. చల్లటి వైపు పొదిగితే ఆలస్యమవుతుంది, అంతే. 28.5లో రెండు నెలలు పడుతుంది, పది రోజులు అటూ ఇటూ. 31, 32లో ఆరేడు వారాలు. ఆలస్యంగా వచ్చిన పిల్ల లోపల పచ్చసొన బాగా వాడుకుని వస్తుంది.

తల్లిని మరవకండి. రెండు గుడ్ల పెంకు, పిల్లల ఎముకలకు కావాల్సిన సున్నం దాని ఒంట్లోనుంచే పోయింది. ఈ వారం రోజూ విటమిన్ డీ3 కలిసిన కాల్షియం పొడి పురుగుల మీద అద్ది పెట్టండి, తొట్టిలో చిన్న మూతలో ఉత్తి కాల్షియం వదిలేయండి. మగదాన్ని వేరే తొట్టిలోకి మార్చండి. మళ్లీ జత కట్టించనక్కర్లేదు, వీర్యం లోపల నిలవ ఉంటుంది. మూడు నాలుగు వారాలకు ఇంకో జత గుడ్లు వస్తాయని సిద్ధంగా ఉండండి.

తవ్వుతూ తవ్వుతూ రోజులు గడిచినా గుడ్డు పెట్టక, మేత మాని, నీరసపడితే ఇంట్లో వైద్యం చేయకండి. గుడ్డు లోపల ఇరుక్కుని ఉంటుంది. ఊళ్లోనే పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, ఎక్స్‌రే తీస్తే తెలిసిపోతుంది.

అలిపిరి_మెట్లు
మార్చి 11, సాయంత్రం 6.30

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. కొండ దారిలో రాతి చరియ లోపలి వైపు తెల్లటి గుండ్రటి గుడ్లు గుంపుగా రాయికి అతుక్కుని ఉన్నాయి. బల్లివే అనుకుంటా. ఒకటి రెండు తెచ్చి ఇట్లాగే పొదిగించవచ్చా?

శేషాచలం_బాట
మార్చి 11, సాయంత్రం 6.48

వద్దు స్వామీ. చేయి కూడా పెట్టొద్దు.

అవి బంగారు బల్లివి అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. శాస్త్రీయ నామం కాలోడాక్టిలోడెస్ ఆరియస్, బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1870లో వర్ణించిన జాతి. తూర్పు కనుమల్లో, మన శేషాచలం కొండల్లో నీడ, చెమ్మ ఉండే రాతి సందుల్లో బతుకుతుంది. చాలా ఆడబల్లులు ఒకేచోట రాయికి గుడ్లు అతికిస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం సరీసృపాల గుడ్లను పాడుచేయడం, కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది.

చట్టం పక్కన పెట్టినా ఆ గుడ్డు నీ ఇంట్లో బతకదు. పెంకు గట్టిది, సిమెంటు మాదిరి రాయికి పట్టేసి ఉంటుంది. ఊడదీస్తే పగులుతుంది. ఆ చరియకున్న చల్లదనం, చెమ్మ ఆ పిల్లకు సరిగ్గా సరిపోయేవి. చూసి వచ్చేయి. ఫోటో తీస్తే ఆ చోటు ఎక్కడో రాయకుండా పెట్టు.

ఇంకోటి, ఈ చర్చలో చెప్పే తడి వర్మిక్యులైట్, సగం పూడ్చడం మెత్తటి పెంకు గుడ్లకే. గట్టి పెంకు గుడ్డు తనకు కావాల్సిన నీళ్లతోనే వస్తుంది, దాన్ని తడిలో పూడిస్తే కుళ్లిపోతుంది. మన ఇంటి పటాల వెనక కనిపించే గోడబల్లి గుడ్లు కూడా గట్టివే. వాటిని ఉన్నచోటే వదిలేయండి.

అలిపిరి_మెట్లు
మార్చి 11, సాయంత్రం 7.05

అర్థమైంది అన్నా. ముట్టుకోను.

కొర్లగుంట_కుర్రోడు
మార్చి 18, రాత్రి 10.10

పెట్టె 28.2, 28.9 మధ్య నడుస్తా ఉంది. ఈరోజు ఫోన్ టార్చి పెట్టి చూసినాను. ఒక గుడ్డులో గులాబీ రంగు, సన్నటి ఎర్రటి గీతలు. రెండోది అంతా పసుపు రంగే, గీతలు లేవు, పక్కన చిన్న సొట్ట. తీసి పారేయాలా? మూత లోపల నీటిచుక్కలు కూడా పట్టినాయి.

డాక్టరమ్మ_భవాని
మార్చి 18, రాత్రి 10.32

మొదటిది బతికి ఉంది, ఆ గీతలు రక్తనాళాలు. ఇక దాన్ని టార్చితో చూడనక్కర్లేదు. ఫోన్ లైటు వేడిగా ఉంటుంది, పక్కనుంచి రెండు మూడు సెకన్లు చాలు, గుడ్డు ఎత్తకూడదు.

రెండోది ఫలించని గుడ్డు కావచ్చు. మొదటి కాన్పులో అది మామూలే. అయినా పారేయొద్దు, కొన్నింటిలో నాళాలు ఆలస్యంగా కనిపిస్తాయి. ఇంకో రెండు వారాలు ఉంచండి. లోపలికి కుంగి, రంగు మారి, వాసన వస్తే అప్పుడు తీసేయండి. వేరే డబ్బాలో పెట్టుకుంటే ఇంకా నయం, కుళ్లినా దాని బూజు పక్కదానికి పట్టదు. ఎత్తేటప్పుడు పెన్సిల్ గీత పైకే.

బల్లిగూడు
మార్చి 18, రాత్రి 10.50

చుక్కలు పడుతున్నాయంటే మూత చల్లగా, అడుగు వెచ్చగా ఉందన్నమాట. పెల్టియర్ చల్లటి గాలి నేరుగా మూత మీద తగులుతా ఉంటుంది చూడు. మధ్యలో థర్మోకోల్ ముక్క అడ్డం పెట్టు. మూత కింద టిష్యూ పేపరు ఒక పొర వేస్తే చుక్క గుడ్డు మీద పడదు. వారానికోసారి తూచేటప్పుడు మూత తీసి పది సెకన్లు చేత్తో విసురు, పాత గాలి పోతుంది.

సొట్ట గురించి: మొదటి వారాల్లో సొట్టపడితే ముందు బరువు చూడు. తగ్గి ఉంటే తేమ చాల్లేదు, నీళ్లు పోస్తే ఒకట్రెండు రోజుల్లో ఉబ్బుతుంది. బరువు సరిగ్గా ఉండీ ఒక గుడ్డే కుంగుతుంటే లోపలే తేడా ఉంది. నెలలు నిండే ముందు పడే సొట్ట వేరు, అది మంచి గుర్తు.

బతికున్న గుడ్డు మీద తెల్లటి బూజు చుక్క కనిపిస్తే కంగారుపడొద్దు. పొడి దూదిపుల్లతో తుడిచి, ఆ చుట్టుపక్కల వర్మిక్యులైట్ చెంచాడు తీసేసి కొత్తది వేయి. మందులు రాయొద్దు.

థర్మోస్టాట్_శీను
మార్చి 18, రాత్రి 11.05

చీమలు! ఎండాకాలం తడి ఉన్నచోటికి వచ్చేస్తాయి. పెట్టె కింద నాలుగు ఇటుక ముక్కలు, ఒక్కోటి నీళ్ల గిన్నెలో. వైరు నీళ్లకు తగలకుండా, గోడకు ఆనకుండా పైనుంచి దింపు, వైరు వెంబడి ఎక్కుతాయి. చీమల చాక్, స్ప్రే ఆ గదిలోనే వద్దు. అడాప్టరు నీటి గిన్నెలకు దూరంగా పైన ఉండాలి.

పీలేరు_ప్రసాద్
ఏప్రిల్ 2, ఉదయం 11.20

నా దగ్గర క్రెస్టెడ్ గెకోలు ఉన్నాయి. వాటి గుడ్లకు కూడా ఈ లెక్కే వాడవచ్చా?

పలమనేరు_పద్మ
ఏప్రిల్ 2, మధ్యాహ్నం 12.15

గుడ్లు కూర్చోబెట్టే మీడియం (పెర్లైట్, వర్మిక్యులైట్), గుర్తు, తూకం అన్నీ ఇవే. ఉష్ణోగ్రత మాత్రం కాదండీ. అది న్యూ కాలెడోనియా జీవి, చల్లటి చోటుది. గుడ్లు 22 నుంచి 25 మధ్య ఉండాలి, రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. 28 దాటి రోజుల తరబడి ఉంటే గుడ్లే కాదు, పెద్దవీ దెబ్బతింటాయి. ఎండాకాలం పీలేరులో అయినా ఏసీ లేకుండా వాటిని పెంచడం సరికాదు, పొదిగించడం అసలు కుదరదు. పెల్టియర్ 38 డిగ్రీల గది నుంచి 24కి దింపడానికి రోజంతా ఆగకుండా తిరగాలి. కాబట్టి క్రెస్టెడ్‌లను చలికాలం ముందు జతకట్టించుకోండి.

కొర్లగుంట_కుర్రోడు
మే 6, రాత్రి 8.45

పసుపు గుడ్డు కుళ్లిపోయింది, తీసేసినాను. మంచి గుడ్డు బాగా లావైంది, ఈరోజు రెండు వైపులా సొట్టలు పడి, పైన చెమట మాదిరి చుక్కలు. బరువు తగ్గలేదు. ఏప్రిల్ మొదట్లో పెట్టిన రెండో జతలో రెండూ ఎర్ర గీతలతో ఉన్నాయి, వేరే డబ్బాలో. ఇప్పుడేం చేయాలి?

బల్లిగూడు
మే 6, రాత్రి 9.00

పిల్ల వచ్చే సమయమైంది. నీళ్లు కలపొద్దు, గుడ్డును కదపొద్దు. మూత గట్టిగా ఉందో లేదో చూడు, పిల్ల బయటికి వచ్చాక దూకుతుంది. ఈ ఒకట్రెండు రోజులు పెట్టె 28.5లోనే ఉండనీ, తొందరపెట్టడానికి వేడి పెంచొద్దు.

ముక్కు కొసన ఉండే చిన్న పంటితో లోపలినుంచి చీలిక పెడుతుంది. తల బయటపెట్టి గంటల తరబడి అట్లాగే కూర్చుంటుంది. కొన్నిసార్లు ఒక రోజంతా. ఆ సమయంలోనే మిగిలిన పచ్చసొన కడుపులోకి లాక్కుంటుంది. కత్తెరతో చీల్చి బయటికి లాగితే పచ్చసొన సంచి బొడ్డు దగ్గర తెగి రక్తం పోయి చస్తుంది.

డాక్టరమ్మ_భవాని
మే 6, రాత్రి 9.25

చీలిక పడి 24 గంటలు దాటినా తల బయటికి రాకపోతే, గుడ్డు ఎండిపోతుంటే, అప్పుడు చీలిక అంచుకు గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూది ఆనించండి. అంతకు మించి చేయి పెట్టకండి.

సంచి బయటికి వేలాడుతూ పిల్ల వస్తే తడి టిష్యూ పేపరు పరిచిన చిన్న డబ్బాలో, అదే ఉష్ణోగ్రతలో, ఒంటరిగా ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో లోపలికి పోతుంది, లేదా ఎండి రాలిపోతుంది. కత్తిరించకండి, దారం కట్టకండి.

పిల్లకు చిన్న ప్లాస్టిక్ తొట్టి చాలు. అడుగున టిష్యూ పేపరు, ఇసుక వద్దు, మింగేస్తుంది. ఒక మూల 31 డిగ్రీలు, ఇంకో మూల 27. సీసా మూతలో నీళ్లు, ఒక తడి గూడు. ఫ్యాట్‌టెయిల్ పిల్లకు తేమ ఎక్కువ కావాలి, లేకపోతే మొదటి కుబుసం వేళ్లకు చుట్టుకుని వేళ్లు ఊడిపోతాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో కుబుసం విడిచి తనే తినేస్తుంది. ఆ తర్వాతే మేత, మూడో రోజు నుంచి వారం లోపు ఎప్పుడైనా మొదలవుతుంది. పిల్ల కళ్ల మధ్య ఎడం కంటే పెద్ద పురుగు పెట్టకండి. కాల్షియం అద్దిన చిన్న కీచురాళ్లు, లేత మీల్‌వర్మ్‌లు. గోధుమ తవుడులో మీల్‌వర్మ్‌లు ఇంట్లోనే పెంచుకోవచ్చు. పొలాల నుంచి, వీధి దీపాల కింద నుంచి పట్టిన పురుగులు వద్దు, పురుగుమందు ఉంటుంది.

శేషాచలం_బాట
మే 6, రాత్రి 9.50

పిల్లలు వస్తున్నాయి కాబట్టి కాగితాల సంగతి. విదేశీ జాతుల్లో వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్లో ఉన్నవాటిని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్లో నమోదు చేయాలి, పుట్టిన పిల్లలను కూడా తెలపాలి. మీ దగ్గరున్న జాతి ఆ పట్టికలో ఉందో లేదో శాస్త్రీయ నామంతో చూసుకోండి. ఫ్యాట్‌టెయిల్‌ది హెమిథెకోనిక్స్ కాడిసింక్టస్. పెద్దవి కొన్న రసీదు దాచిపెట్టండి, గుడ్డు పెట్టిన తేదీ, పిల్ల వచ్చిన తేదీ నోటుబుక్కులో రాసుకోండి. సందేహం ఉంటే అటవీశాఖ కార్యాలయంలోనే అడగడం మంచిది. ఇంట్లో పెంచలేక పిల్లలను కొండలోనో, కపిలతీర్థం పక్కనో వదిలేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అవి బతికినా, వాటితో పోయే రోగాలు ఇక్కడి బల్లులకు అంటుకుంటాయి.

కొర్లగుంట_కుర్రోడు
మే 8, ఉదయం 6.15

వచ్చేసింది! బొడ్డు దగ్గర సంచి లేదు, తోక లావుగా ఉంది. టిష్యూ పరిచిన తొట్టిలోకి మార్చినాను. చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. రెండో జతను ఇప్పుడు ఖాళీ అయిన ఈ డబ్బాలోకి మార్చనా?

బల్లిగూడు
మే 8, ఉదయం 6.40

చాలా సంతోషం తమ్ముడూ. ఆ డబ్బాలోకి మార్చొద్దు. పిల్ల వచ్చినప్పుడు కారిన ద్రవం ఆ వర్మిక్యులైట్‌లో ఉంది, రెండు మూడు రోజుల్లో బూజు కడుతుంది. అదంతా పారేసి, డబ్బాను వేడినీళ్లతో కడిగి ఎండబెట్టి మూడో జత కోసం ఉంచు. రెండో జత ఉన్నచోటే ఉండనీ. మూత మీద తేదీ, బరువు రాసి ఉన్నాయా?

థర్మోస్టాట్_శీను
మే 8, ఉదయం 7.10

ఈ నెలంతా గది 38 దాటుతుంది. పెల్టియర్ బయటి ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్ము ఈరోజే బ్రష్‌తో దులుపు, హీట్‌సింక్ సందుల్లో కూడా. నాలుగు నీళ్ల సీసాలను ఆరు చేయి, ఫ్రీజర్లో రెండు ఐసు సీసాలు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకో.